ఎర్ర సుద్ద రోజు

తూంకుంట,
1997 జూన్

తమ్ముడు పరమేష్‌కు,

ఉత్తరం మొదట క్షేమం అని రాయాలని రవీందర్ నేర్పించాడు. "పుస్తకంల ఉన్నట్టు రాయాలె అమ్మా, నోటికొచ్చినట్టు గాదు" అనేవాడు. రాత్రి బడిలో నేను పలక మీద గీసిన వంకర అక్షరాలను ఇంటికొచ్చాక వాడే దిద్దేవాడు. వాడు నేర్పిన రాతతో క్షేమం అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ మాట వదిలేసి రాస్తున్నాను.

వాడి దినాల నాడు నలుగురిలో నీ ముఖం చూడనని అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. ఉత్తరం రాయనని అనలేదు. అందుకే తపాలా పెట్టెలో వేస్తున్నాను గాని మేడ్చల్ బస్సు ఎక్కడం లేదు.

ద్రాక్షతోటలో నాతో కూలికి వచ్చే ఎలీషమ్మ అని ఒకామె ఉంది. యాప్రాల్ మనిషి. మొగుడు లేడు, ఒక్కడే కొడుకు. మొన్న ఇద్దరం తీగలు కడుతుంటే సంబరంగా చెప్పింది. "మా ఎడ్వర్డ్‌కు మేడ్చల్ల కొలువు దొరికింది వదినా. ఫ్యాన్ల రేకులు కొట్టే ఫ్యాక్టరీల. పెద్ద ప్రెస్సు మీదనట. ముందుగాల ఉన్న పిలగాడు పోయిండట, గా జాగల వీణ్ని తీసుకున్నరు." నేను తీగ కడుతూనే ఉన్నాను. నాకు కొడుకు పోయాడని ఆమెకు తెలుసు గాని ఏ ఫ్యాక్టరీలోనో తెలియదు; ఆ పిలగాడు వాడేనని చెప్పలేదు. చెబితే కొలువు మాన్పిస్తుంది, వాళ్ల ఇల్లు వాడి మీదే నడుస్తుంది. చెప్పకపోతే నా లోపల ఆగదు. అందుకే నీకు రాస్తున్నాను.

మీ షెడ్డు గోడ మీద నల్లబోర్డు ఉంటుందని రవీందర్ చెప్పేవాడు. ఏ మిషన్ మీద ఏ రోజు ఏ పని నడవాలో మామ తెల్ల సుద్దతో రాస్తాడనీ, ఏ రోజు ఏ మిషన్ ఆపి విప్పి బాగుచెయ్యాలో ఎర్ర సుద్దతో రాస్తాడనీ గొప్పగా చెప్పేవాడు. మాఘంలో పెద్ద ప్రెస్సుకు రాసిన ఎర్ర రోజును నువ్వు తుడిచి వచ్చే వారానికి జరిపావు. ఆ వారంలోనే వాడు రేకు కొట్టే అచ్చు బిగించడానికి లోపలికి వంగాడు. బ్రేకు పట్టలేదు. ఇది ఫ్యాక్టరీ సేటు చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. దవాఖాన బయట మీ పనివాళ్లు మాట్లాడుకుంటే విన్నాను.

నేను అడిగేది ఒక్కటే. ఆ ప్రెస్సుకు రాసిన ఎర్ర రోజును ఇంకెప్పుడూ జరపనని నాకు మాటివ్వు. ఇంకేమీ వద్దు.

అక్క,
సిద్దమ్మ


మేడ్చల్,
1997 జూన్

అక్కకు,

తపాలాయన సంచిలోంచి తీస్తుండగానే నీ రాత గుర్తుపట్టాను. 'ర' కింద నువ్వు పెట్టే తోక రవీందర్ కూడా అలాగే పెట్టేవాడు. చాలాసేపు విప్పలేదు.

నువ్వు విన్నది నిజం. తుడిచింది నేనే.

మాటివ్వమన్నావు. ఇవ్వడానికి ముందు నా పని నీకు చెప్పాలి. పెద్ద ప్రెస్సు పెద్ద రేకులోంచి గుండ్రటి బిళ్లలు కొడుతుంది. ఆ బిళ్లలే దాని వెనక ఉన్న చిన్న ప్రెస్సులకు తిండి. పెద్దది ఒక్కరోజు ఆగితే చిన్నవన్నీ ఆకలితో కూర్చుంటాయి. అందుకని అది ఆగే రోజు కోసం ముందు నుంచే కొంచెం కొంచెం ఎక్కువ కొట్టి పక్కన పేర్చుకోవాలి. ఇంట్లో ఒక్కటే పొయ్యి ఉండి, రేపు దాన్ని అలికి ఆరబెట్టాలంటే ఇవాళే రెండు పూటలకు వండిపెట్టుకున్నట్టు. ఈలోగా సరుకు కొనే ఏదో పార్టీ కొత్త పని తెస్తుంది. పేర్చుకున్నదంతా దానికింద పోతుంది. అప్పుడు సేటు బోర్డు ముందు నిలబడి "ఒక్కసారికి జరుపు పరమేష్" అంటాడు. ఆ ఒక్కసారి ప్రతిసారీ వస్తుంది.

ఇచ్చిన మాట తప్పడం కంటే ఇవ్వకపోవడం నయం అక్కా. ప్రయత్నం చేస్తాను. వచ్చే నెల ఒక ఆదివారం ఎర్రగా రాసి ఉంది. ఆ రోజు మిగతా షెడ్డు సగమే నడుస్తుంది కాబట్టి ఆదివారమే పెట్టుకుంటాం.

ఎడ్వర్డ్ మంచి పిల్లవాడు. రవీందర్ ఈల వేసేవాడు కదా, ఇతను చర్చి పాటలు పాడతాడు. షెడ్డులో మళ్లీ చప్పుడు మీద పాట వినబడుతుంటే మొదటి రోజు నేను బయటికి పోయి కూర్చున్నాను.

నీ మరదలు పద్మలత నీకు బొబ్బర్లు పంపుతానంది. వద్దన్నాను. నువ్వు తీసుకోవని తెలుసు.

నీ తమ్ముడు,
పరమేష్


తూంకుంట,
1997 జూలై

పరమేష్‌కు,

ఆదివారం మిషన్ ఆపారని ఎడ్వర్డ్ వాళ్ల అమ్మకు చెప్పాడు, ఆమె నాకు చెప్పింది. నేను అడగలేదు. ఆమెకు కొడుకు కబుర్లు తప్ప వేరే కబుర్లు లేవు. నాకూ ఉండేవి కావు.

సంతోషమని రాయను. సరే అని రాస్తున్నాను.

ప్రయత్నం చేస్తాను అన్న నీ మాట నాకు నచ్చలేదు. మా తోటకు దసరా తర్వాత కత్తిరింపు ఉంటుంది. ఆకులు పచ్చగా ఉన్నాయనో, గిరాకీ ఉందనో ఆసామి దాన్ని జరపడు. జరిపితే తీగ బతుకుతుంది గాని కాయ రాదు. ఆయన ప్రయత్నం చెయ్యడు తమ్ముడూ, కత్తెర పట్టుకుని వస్తాడు.

మీ ప్రెస్సు కొట్టిన బిళ్లల్లో వంకర పోయినవాటిని రవీందర్ తెచ్చేవాడు. నా కుండల మీద మూతలన్నీ అవే. నీళ్లు ముంచుకుని మూత పెట్టినప్పుడల్లా టంగుమంటుంది. పక్కింటి ముత్తమ్మ మట్టిమూతలు తెచ్చిచ్చి "ఇవి పెట్టుకో, గా చప్పుడు ఇనకు" అంది. వాటిని తిప్పి పంపించాను.

బోనాలకు నీ పేరు మీద కూడా మొక్కాను. అలవాటు మీద మొక్కాను, నువ్వేమీ అనుకోకు.

సిద్దమ్మ


మేడ్చల్,
1997 ఆగస్టు

అక్కకు,

ఇక్కడ వానలు మస్తు కురుస్తున్నాయి. పిల్లలు బాగున్నారు. ఈ నెల కూడా ఆదివారం పెద్ద ప్రెస్సును ఆపి చూశాం. అంతా బాగానే ఉంది. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకుండా నిశ్చింతగా ఉండు. పని ఎక్కువగా ఉండి ఎక్కువ రాయలేకపోతున్నాను.

పరమేష్


తూంకుంట,
1997 ఆగస్టు

పరమేష్‌కు,

నీ ఉత్తరం చిన్నగా ఉన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. చిన్నప్పుడు బెల్లం తిన్న రోజు కూడా నువ్వు ఇట్లాగే తక్కువ మాట్లాడేవాడివి.

ఎడ్వర్డ్ తోటకు వచ్చాడు, వాళ్ల అమ్మకు జ్వరం మందు ఇచ్చిపోదామని. నేనే అడిగాను.

"మొన్న ఐతారం మిషన్ ఇప్పిండ్రా బిడ్డా?"

"ఏడ ఇప్పిండ్రు పెద్దమ్మా. శ్రావణమాసం ఐతారం, లగ్గాలకు లగ్గాలు. ఫిట్టర్లు ఒకడు కీసరకు పాయె, ఒకడు అత్తగారింటికి పాయె. ఇప్పేటోడు లేనప్పుడు మిషన్ ఊకెనే ఎందుకుండాలె అని సేటు నడిపిచ్చిండు."

"మరి నువ్వు?"

"నేనేముంది, లోపటికి వంగిన, అచ్చు బిగిచ్చిన, బయటికొచ్చిన. గదే గదా నా పని" అని నవ్వాడు.

కడుతున్న తీగ వదిలేశాను. తీగ కింద కూర్చున్నాను. ఎలీషమ్మ పరుగున వచ్చి, "జ్వరం నాకైతే నువ్వు పడిపోతున్నవేంది వదినా, నా బిడ్డ మిషన్ సంగతి నీకెందుకు గంత పరేషాన్?" అంది. ఇగ దాచలేకపోయాను. ముందు పోయినవాడు నా కొడుకని చెప్పేశాను.

ఆమె ఏడవలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, అంగట్లో కూరగాయ చూసినట్టు. "ఇగ నువ్వు పోవద్దు" అంది. వాడు, "నేను పోకుంటే ఇంకొకడు వంగుతడు అమ్మా. వానికి అమ్మ ఉండదా?" అన్నాడు.

నువ్వు నాకు అబద్ధం రాశావు. నా కొడుకును మింగిన మిషన్ గురించి నాకు అబద్ధం రాశావు. ఇగ నీకు ఉత్తరం కూడా రాయను.

ఇది మరునాడు రాస్తున్నాను. పైన రాసింది కొట్టెయ్యలేదు, అది నిజమే.

రాత్రంతా ఆ పిల్లవాడి మాటే చెవిలో తిరిగింది. ఐతారం, లగ్గాలు, ఇప్పేటోడు లేడు. మాఘంలో ఆ ఆదివారం మా మరిది గౌరయ్య బిడ్డ లగ్గం. పందిరికి చేతులు చాలవని, రవీందర్‌ను, వాడి దోస్తులైన మీ ఫిట్టర్లను తోలుకుని రమ్మని నీకు కబురు పెట్టింది నేను. "మేనమామవు, గామాత్రం పంపలేవా" అని కూడా అన్నాను. నలుగురూ గుంజలు పాతారు, మామిడాకు కట్టారు, రవీందర్ బరాతులో ఆడాడు. నేను గర్వంగా చూశాను.

నువ్వు ఎర్ర సుద్ద తుడిచింది పార్టీ పని కోసమా, నా పందిరి కోసమా? ఇన్ని నెలలు నేను నిన్ను తిడుతుంటే నువ్వు ఎందుకు చెప్పలేదు?

పెత్రమాస వస్తోంది, పెద్దల అమావాస్య. వాడి పేరు మీద మొదటిసారి బియ్యం ఇవ్వాలి. బాపనయ్యకు ఇంటి దగ్గర ఇస్తాను. కొబ్బరికాయ మాత్రం ఆ మిషన్ దగ్గర కొట్టాలని ఉంది. ఆ ఒక్కరోజు దాన్ని ఆపుతారేమో సేటును అడిగి రాయి.

సిద్దమ్మ


మేడ్చల్,
1997 సెప్టెంబరు

అక్కకు,

అబద్ధం రాశాను. నిజం రాస్తే నీ ఉత్తరాలు ఆగిపోతాయని భయపడ్డాను. అబద్ధానికీ ఆగిపోయేవే. నువ్వు మరునాడు మళ్లీ కాగితం పట్టుకున్నావు కాబట్టి బతికాను.

నువ్వు అడిగినదానికి జవాబు ఇంతే. ఎవరు ఎవరిని పందిరికి పిలిచారో బోర్డు మీద ఉండదు అక్కా. తుడిచిన చెయ్యి ఉంటుంది. అది నాది. ఇంక ఆ సంగతి నన్ను అడగకు. నువ్వూ దాన్ని తవ్వుకుంటూ కూర్చోకు.

సేటును అడిగాను. కాదంటాడనుకున్నాను. ఆయన క్యాలెండరు చూసి, "పెత్రమాస నాడా? ఆపుకోండ్రి. ఎట్లాగూ ఓదెలు బండి కట్టడు. సరుకు కొట్టి ఎవని నెత్తి మీద పెట్టుకుందాం?" అన్నాడు. ఓదెలు అంటే మా లారీ డ్రైవరు. అమావాస్య నాడు లారీ తియ్యడు. సేటు ఒకసారి గద్దిస్తే, "లారీ నీదే సేటు, పానం నాది" అన్నాడు. అప్పటి నుంచి ఎవరూ అడగరు.

ఆ మాట విని బోర్డు దగ్గరికి పోయి నిలబడ్డాను. ఇన్నేళ్లుగా రాస్తున్నాను, ఎప్పుడూ గమనించలేదు. అమావాస్య నాడు సరుకు పోదు. కొత్త పని ఏ పార్టీ మొదలుపెట్టమనదు. లగ్గాలు ఉండవు కాబట్టి ఫిట్టర్లు ఎక్కడికీ పోరు. అందరూ షెడ్డులోనే ఉంటారు, చేసేదే తక్కువ. మేమేమో ఎర్ర రోజును తెచ్చి ముహూర్తాల ఆదివారం మీద పెట్టి, ప్రతి పెళ్లికీ తుడుస్తూ వచ్చాం. నువ్వు పెత్రమాస అనకపోతే నాకు తట్టేది కాదు. నెలనెలా అమావాస్యకే పెద్ద ప్రెస్సు ఆపాలని రాసి సేటు ముందు పెట్టాను. "మంచిదే, నాకేం పోతది" అన్నాడు.

ఇప్పుడు అడ్డం ఆయన కాదు. ఫిట్టర్లే. "అమాసనాడు, అండ్ల, రవీందరన్న పోయిన మిషన్ల చెయ్యి పెట్టాల్నా? కొబ్బరికాయ గొడుత, నిమ్మకాయ గడుత, రెంచి మాత్రం వట్ట" అని ఒకడన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. వాళ్లతో కలిసి పందిరి వేసినవాడే రవీందర్. ఇప్పుడు వాడికే భయపడుతున్నారు. నాకు కోపం రాలేదు.

ఎర్ర సుద్దతో రాశాను. విప్పేవాళ్లు లేకపోతే ఆ రోజు కూడా తుడవాల్సిందే.

పరమేష్


తూంకుంట,
1997 సెప్టెంబరు

పరమేష్‌కు,

తుడవకు. నేను వస్తున్నాను.

వాడు అక్కడ ఉన్నాడని వాళ్లకు భయమా? నాకు అదే ఆశ. ఇంట్లో వెతుకుతున్నాను, కనబడడం లేదు. వాడి అంగీలకు మిషన్ నూనె వాసన ఉండేది, అదీ పోయింది. ఉతకకుండానే పోయింది. అక్కడ ఉన్నాడని మీ ఫిట్టర్లకు అంత నమ్మకంగా తెలిస్తే నాకంటే అదృష్టవంతులు.

ఏ పంతులూ అమావాస్యకు లగ్గం పెట్టడు. ఎవరూ పందిరి వెయ్యరు. ఆ రోజు ఎవరి తల్లీ ఎవరినీ పిలవదు. నువ్వు కనిపెట్టిన రోజు మంచిది.

బియ్యం పొద్దున్నే ఇచ్చేసి మొదటి బస్సుకు వస్తాను. వాళ్లు పని చేసినంతసేపు అక్కడే కూర్చుంటాను. కుర్చీ వద్దు, గోనె పరిపించు. ఎలీషమ్మ కూడా వస్తానంటోంది. "నాకు అమాసలు లేవు గని, నా కొడుకు ఏడ తల పెడుతున్నడో నేను జూడాలె" అంది.

నా ఒట్టు నాకు ఉంది. నిన్ను చూడను. కొంగు కప్పుకుని వస్తాను. నువ్వు నన్ను మాట్లాడించే ప్రయత్నం చెయ్యకు.

సిద్దమ్మ


మేడ్చల్,
1997 అక్టోబరు

అక్కకు,

నువ్వు వచ్చిపోయావు. పొద్దు వాలేదాకా నీకు మూరెడు దూరంలో ఉండి నీతో ఒక్క మాట మాట్లాడలేదు. నీ కొంగు కింద నుంచి నీకు నా చెప్పులు తప్ప ఏమీ కనబడి ఉండవు. అందుకని నువ్వు చూడనిది రాస్తున్నాను.

నువ్వు కొబ్బరికాయ కొట్టి గోనె మీద కూర్చున్నాక ఫిట్టర్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మొదట ఎడ్వర్డ్ కదిలాడు. అచ్చు బిగించడమే అతని పని, విప్పడం కాదు. అయినా రెంచి తీసుకున్నాడు. "నాకు అమాస లేదు, పున్నం లేదు. నా భయమంతా మా అమ్మకే" అంటే ఎలీషమ్మ అతని నెత్తి మీద ఒకటి వేసింది. అది నీకు వినబడి ఉంటుంది. అందరూ నవ్వారు. అయినా గోడ వదిలి రాలేదు.

అప్పుడు నువ్వు అన్నావు. "ఇప్పుండ్రి బిడ్డా. వాడు మీకు సామాను అందిచ్చేటోడే గని అడ్డమొచ్చేటోడు గాదు." ఆ మాట అన్నప్పుడు నీ గొంతు మామూలుగానే ఉంది, వంటింట్లో మాట్లాడినట్టు. నువ్వు చూడలేదు గాని, రెంచి పట్టనన్నవాడు చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తరవాత అంగీ చేతులు మడుచుకుని వచ్చి ఎడ్వర్డ్ పక్కన కూర్చున్నాడు. మిగతావాళ్లూ వచ్చారు. మధ్యాహ్నానికల్లా వాళ్లలో వాళ్లు, "రవీందరన్నా, గా రెంచి అందియ్యి" అని హాస్యాలాడుకుంటున్నారు. నీకు బాధ అవుతుందేమోనని నీ వైపు చూశాను. నీ భుజాలు కదిలాయి. ఏడ్చావో నవ్వావో కొంగు చెప్పలేదు.

బ్రేకు పట్టీ అరిగిపోయి కాగితంలా ఉంది. కొత్తది వేశారు. మాకు అదేమీ కొత్త విద్య కాదక్కా, చూస్తే తెలుస్తుంది. చూడాలంటే ఆపాలి, అంతే.

అరిగిన పట్టీ తీసి పెట్టాను. నీకు కావాలంటే పంపుతాను.

పరమేష్


తూంకుంట,
1997 నవంబరు

పరమేష్‌కు,

ఆ పట్టీ నాకు వద్దు. నాకు ఇనుము పంపకు. ఎడ్వర్డ్‌ను ఒకరోజు అన్నానికి పంపు. వాడికి గోంగూర ఇష్టమట.

దీపావళి అమావాస్యకు కూడా ఆపారని విన్నాను. సేటు ఆ రోజు లక్ష్మీపూజ చేసుకుని మీకు మిఠాయి పంచాడని, ఫిట్టర్లు జిడ్డు చేతులతోనే తిన్నారని ఎలీషమ్మ చెప్పింది.

ఇప్పుడు ఒకటి అడగాలి. అడగడానికి మనసు రావడం లేదు, అయినా ఆమె కోసం అడుగుతున్నాను. వచ్చే అమావాస్య ఆదివారం పడింది. ఆ రోజే వాళ్ల చర్చిలో కోతల పండుగ. పొద్దున ఆరాధన, మధ్యాహ్నం అందరికీ భోజనాలు, పొద్దుమూకేదాకా పాటలు. ఎడ్వర్డ్ పాడాలి. వాడు పెద్ద ప్రెస్సు విప్పడం నేర్చుకున్నాక వాడు లేకుండా మీ ఫిట్టర్లు మొదలుపెట్టరట కదా. "మా పండుగ ఏడాదికొక్కసారి వదినా, ఒక్కదినం సోమారానికి జరపమని మీ తమ్మునికి చెప్పవా. నువ్వు చెప్తే కాదనడు" అంది.

ఆ ఇల్లు నాకు ఈ ఏడాది ఎంత ఆసరా అయిందో నీకు తెలియదు. దినాలయ్యాక అందరూ వాళ్ల వాళ్ల పనుల్లో పడ్డారు. ఆమె ఒక్కతే రోజూ నా సద్ది విప్పి నాతో తినిపించింది. కాదని ఎట్లా అనను? ఎవరి పందిరో, ఎవరి పెళ్లో కాదు. ఒక్కరోజే. సోమవారం తప్పకుండా విప్పండి. ఒక్కసారికి జరుపు తమ్ముడూ.

అక్క,
సిద్దమ్మ


మేడ్చల్,
1997 డిసెంబరు

అక్కకు,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. జవాబు రాయలేదు. రాస్తే సరేనని రాసేస్తానని భయం. పొద్దున, పగలు, మళ్లీ పొద్దుమూకే ముందు బోర్డు దగ్గరికి పోయాను. తడిగుడ్డ చేతిలోనే ఉంది.

నువ్వు అడిగితే నేను ఎప్పుడైనా కాదన్నానా అక్కా? అమ్మ పోయినప్పుడు నాకు అన్నం కలిపి పెట్టింది నువ్వు. నీ మాట దాటడం నాకు చేతకాదు. నా జబ్బే అది. సేటుకు కాదనలేను, నీకు కాదనలేను, ఎవరు వచ్చి ఒక్కసారికి అన్నా నా చెయ్యి గుడ్డ మీదికి పోతుంది. ఆ రోజు ఎవరి కోసం తుడిచానని అడిగావు. ఎవరి కోసమని కాదు. అడిగినవాళ్లు నా వాళ్లు, అంతే. అడిగేవాళ్లు ఎప్పుడూ చెడ్డవాళ్లు కారు, అడిగే పని ఎప్పుడూ చెడ్డది కాదు.

తుడవలేదు. నువ్వు అడిగినా జరపలేదు.

ఎడ్వర్డ్‌ను చర్చికి పొమ్మన్నాను. అతను లేకుండా మొదలుపెట్టలేమని ఫిట్టర్లు నసిగారు. నేనే చొక్కా విప్పి పెట్టి మొదటి నట్టు తిప్పాను. చేతకాక వేలు చెక్కుకుంది. "రాసేటాయన రాయాలె, తిప్పేటోడు తిప్పాలె, ఇటియ్యండ్రి" అని నా చేతిలోంచి లాక్కున్నారు. అన్నాల తరవాత ఎడ్వర్డ్ పండుగ చొక్కా మీదే సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. తెల్ల చొక్కా. "సాయంత్రం పాటకు మళ్లా పోతా, మా అమ్మకు చెప్పకుండ్రి సారూ, చొక్కా సంగతి" అన్నాడు.

బ్రేకును పట్టి ఉంచే బోల్టు చీలి ఉంది. వెంట్రుకంత గీత. ఎడ్వర్డే చూశాడు, గుడ్డతో తుడుస్తుంటే అతని గోటికి తగిలింది. అది సోమవారం దాకా ఆగేదో లేదో ఎవరూ చెప్పలేరు. ఆగేదేమో కూడా. సోమవారం పొద్దున మొదటి పనికి అచ్చు బిగించాల్సింది ఎడ్వర్డ్. ఇంతకంటే రాయను.

నామీద కోపం వస్తే రానీ. ఎలీషమ్మకు నా తరఫున చెప్పు.

పరమేష్


తూంకుంట,
1997 డిసెంబరు

తమ్ముడు పరమేష్‌కు,

క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తున్నాను.

ఎలీషమ్మ నాతో మాట్లాడలేదు. తోటలో వేరే వరుసలోకి పోయి కట్టింది. కొడుకు తెల్ల చొక్కా మీద నూనె మరక చూసి ఇంకా కోపం వచ్చిందట. నీ ఉత్తరం వచ్చినాక ఆ వరుసలోకి పోయి చదివి వినిపించాను. బోల్టు దగ్గరికి వచ్చేసరికి నా చదువు ఆగిపోయింది. ఆమె, "ఇంకోసారి సదువు" అంది. చదివాను. విని తీగ కట్టుకుంటూ ముందుకు పోయింది. మరునాడు పొద్దున, పండుగలో మిగిలిన రొట్టె కొంగులో కట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మరక పోతలేదు వదినా, సోడా వేసి ఉతికిన" అంది. "ఉండనీ" అన్నాను. ఇద్దరం తిన్నాం.

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నువ్వు పుట్టినప్పటి నుంచి నా మాట కాదన్నది ఇదే మొదటిసారి. ఆ రోజు కూడా నాకు ఈ మాటే చెప్పి ఉంటే అని ఒక్కసారి అనుకున్నాను. ఒక్కసారే. తరవాత నాకే తట్టింది. ఆ రోజు నువ్వు కాదని ఉంటే మేనమామవు కావని పెళ్లి నిండా అంటూ తిరిగేదాన్ని. నేనెట్లాంటిదాన్నో నాకు తెలుసు. మళ్లీ అడిగాను కదా.

నాలాంటిది మళ్లీ అడుగుతుంది. ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నువ్వు ఇట్లాగే ఉండు.

పుష్యం అమావాస్యకు వస్తాను. ఎలీషమ్మ, నేను ఇద్దరం మీ అందరికీ సద్ది కట్టుకుని వస్తాం, ఫిట్టర్లకు చెప్పు, ఇంటి నుంచి తెచ్చుకోవద్దని. పద్మలతను బొబ్బర్లు నానబెట్టమను. పని అయినాక మీ ఇంటికే వచ్చి గుడాలు తిని ఆఖరి బస్సుకు పోతాను.

బస్సు దిగే దగ్గరికి నువ్వే రా. కొంగు కప్పుకోను. పోయినసారి నీ చెప్పులు చూశాను, మడమల దగ్గర అరిగిపోయి ఉన్నాయి. వాటిని కూడా మార్చు.

అక్క,
సిద్దమ్మ